చేపలను చంపే బంగారు ఆల్గే: పెరుగుదల, విషం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో చెప్పేది ముఖ్యంగా ప్రిమ్నీషియం పార్వమ్ అనే ఒక్క ఆల్గే గురించి. చేపలకు హాని చేసే ఆల్గే ఇంకా చాలా ఉన్నాయి, వాటి ప్రస్తావన మధ్యమధ్యలో వస్తుంది. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆల్గే ఎంత పెరిగింది అనేది ఒక లెక్క, ఎంత విషం వదిలింది అనేది ఇంకో లెక్క. ఈ రెండూ కలిసి నడవవన్న సంగతి దీని దగ్గర తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు. ఆక్వా రైతులు, ఫిషరీస్ చదివే పిల్లలు, వార్తల్లో చచ్చిన చేపల ఫోటోలు చూసి కంగారు పడినవాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి.

ప్రిమ్నీషియం అంటే ఏమిటి? కంటికి కనబడుతుందా?

విడిగా కనబడదు. ఒక్కో కణం పది మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. వంద కణాలు వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు వస్తుంది. ఈదడానికి కశాభాలు అనే తోకల్లాంటి పోగులు రెండు ఉంటాయి, వాటి మధ్య హాప్టోనీమా అనే పొట్టి, బిరుసు పోగు ఇంకొకటి. పత్రహరితాన్ని కప్పేసే పసుపు, గోధుమ వర్ణకాలు ఎక్కువ కాబట్టి, బాగా పెరిగిన చోట నీళ్ళు పలచటి టీ రంగులోకో బంగారు పసుపులోకో తిరుగుతాయి. అమెరికాలోని టెక్సాస్‌లో దీన్ని బంగారు ఆల్గే అనేది అందుకే. గాలి తగిలినా, ఏరియేటర్ తిప్పినా ఆ నీళ్ళు నురగ కడతాయి.

1937లో ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న వైట్ దీవిలో, కాస్త ఉప్పగా ఉండే మడుగుల నుంచి తీసి నెల్లీ కార్టర్ దీనికి పేరు పెట్టారు. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో కెట్టింగ్ నోర్ అనే చోట చేపలు చచ్చిపోతే, కారణం ఇదేనని తేలింది. 1940ల్లో ఇజ్రాయెల్ కార్ప్ చెరువుల్లో దిగి రైతులకు నిద్ర లేకుండా చేసింది. దీని మీద గట్టి పరిశోధన మొదలైంది ఆ చెరువుల గట్ల మీదే.

2022లో ఓడర్ నదిలో జరిగింది దీనివల్లేనా?

అవును. ఓడర్ చెక్ రిపబ్లిక్‌లో పుట్టి, పోలండ్ మీదుగా సాగి, కొంత దూరం పోలండ్‌కీ జర్మనీకీ సరిహద్దుగా పారి బాల్టిక్ సముద్రం చేరుతుంది. 2022 జూలై చివర్లో పోలండ్‌లో గాలాలు వేసేవాళ్ళకు చచ్చిన చేపలు కనబడటం మొదలైంది. ఆగస్టు రెండో వారానికల్లా జర్మనీ ఒడ్డున కూడా గుట్టలు పడ్డాయి. ఎవరో విష రసాయనం వదిలారనే మొదట అందరూ అనుకున్నారు. పాదరసం అని ఒక ప్రచారం నడిచింది. కారకుల ఆచూకీ చెప్పినవాళ్ళకు పది లక్షల జ్లోటీలు ఇస్తామని పోలండ్ ప్రభుత్వం ప్రకటించింది. పాదరసం మాట నిలబడలేదు. నీళ్ళలో దొరికింది ప్రిమ్నీషియం, అదీ లీటరుకు పది కోట్ల కణాలు దాటి.

యూరోపియన్ కమిషన్ నిపుణుల నివేదిక 2023లో వచ్చింది. చచ్చిన చేపలు సుమారు 360 టన్నులని అందులో లెక్క కట్టారు. ఆల్చిప్పలు, నత్తలు కూడా పోయాయి. ఇది ఒడ్డుకు చేరినవాటి మీద కట్టిన లెక్క. అడుగుకు దిగిపోయినవాటిని ఎవరు ఏరి తూకం వేస్తారు?

నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒక ఆటోమేటిక్ స్టేషన్ రీడింగులు. జర్మనీ వైపు ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఊరుంది. అందరికీ తెలిసిన పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ కాదు, ఓడర్ ఒడ్డున ఉన్న చిన్నది. ఆగస్టు మొదటి వారం దాటేసరికి అక్కడ నీటి వాహకత ఒక్కసారిగా పెరిగింది, అంటే ఉప్పు పెరిగింది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 9 దాటింది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో కూడా పెరిగింది. చేపలు చస్తుంటే డీవో పెరగడమేమిటి అనిపిస్తుంది. కోట్ల కొద్దీ ఆల్గే కణాలు ఎండలో ఆహారం తయారు చేసుకుంటూ ఆక్సిజన్ వదులుతున్నాయి మరి. మన దగ్గర చేప తేలిందంటే మొదట వచ్చే మాట ‘డీవో పడిపోయింది’. అక్కడ డీవో పుష్కలంగా ఉండగానే చచ్చాయి.

ఉప్పునీటి ఆల్గేకి మంచినీటి నదిలో ఏం పని?

ఆ నది అప్పటికి పూర్తి మంచినీటి నదిగా లేదు. ఎగువన సైలీషియా ప్రాంతంలో బొగ్గు గనులున్నాయి. గనుల్లోంచి తోడిపోసే నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇతర పరిశ్రమల ఉప్పునీళ్ళు కూడా దానికి తోడయ్యాయి. ఆ ఏడాది వానలు లేక ప్రవాహం బాగా తగ్గింది. వదిలే ఉప్పు అంతే ఉండి, కలిసే మంచినీళ్ళు తగ్గాయి. దానికి ఎండలు, నైట్రోజన్, ఫాస్ఫరస్, నిలవ నీళ్ళుండే కాలువలు కలిశాయి. అన్నీ అమిరిన చోట ప్రిమ్నీషియం పెరగకపోతేనే ఆశ్చర్యం.

ఇలాంటిది అమెరికాలో అంతకుముందే జరిగింది. 2009 సెప్టెంబర్‌లో వెస్ట్ వర్జీనియా, పెన్సిల్వేనియా సరిహద్దులో డంకర్డ్ క్రీక్ అనే వాగులో చేపలు, ఆల్చిప్పలు కుప్పలుగా చచ్చాయి. అక్కడా బొగ్గు గనుల ఉప్పునీరే, అక్కడా ఈ ఆల్గేనే. ఓడర్ వాళ్ళు ఆ కథ చదివి ఉంటే పాదరసం కోసం అన్ని రోజులు వెతికేవాళ్ళు కాదేమో. ఓడర్ పక్కనే, గ్లివిట్సే కాలువ దగ్గరున్న జెర్జ్నో దుజె జలాశయంలో 2024లో మళ్ళీ చేపలు చచ్చాయి. ఒకసారి చేరిన ఆల్గే ఊరు విడిచి పోదు. మళ్ళీ వాతావరణం కలిసొచ్చేదాకా కొద్ది సంఖ్యలో ఉండిపోతుంది.

విషం చేపను ఎలా చంపుతుంది?

దెబ్బ మొదట మొప్పల మీద పడుతుంది. ప్రిమ్నీసిన్లు అనే ఈ విషాలు కణాల పైపొరను చెడగొడతాయి. లోపలికి రాకూడని లవణాలు రావడం, పోకూడనివి పోవడం మొదలవుతుంది. మొప్పల కణాలు ఉబ్బి పగులుతాయి, ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. చూసేవాళ్ళకు కనబడేది రక్తం చిమ్మిన మొప్పలు, రెక్కల మొదళ్ళలో ఎరుపు, ఒంటి మీద జిగురు.

చెరువు తయారీలో కలుపు చేపలను చంపడానికి ఇప్పచెక్క వేయడం మన రైతులకు అలవాటే. రొయ్యల చెరువుల్లో అదే పనికి టీ సీడ్ కేక్ వాడతారు. వాటిలోని సపోనిన్లు కూడా మొప్పల ద్వారా చేరి ఎర్ర రక్తకణాలను చిట్లిస్తాయి. రసాయనం వేరు, పని చేసే తీరులో దగ్గరి పోలిక ఉంది. ఇప్పచెక్క వేసిన చెరువులో కలుపు చేప ఎలా గిలగిల్లాడి తేలుతుందో చూసినవాళ్ళకు ప్రిమ్నీషియం సంగతి సగం చెప్పక్కర్లేదు.

ఒక ఊరట ఏమిటంటే, దెబ్బ తొలి దశలో ఉంటే వెనక్కి తిప్పుకోవచ్చు. ఆ చేపను మంచి నీళ్ళలోకి మారిస్తే మొప్పలు కోలుకుంటాయి. ఆలస్యమైతే మొప్పలు దాటి విషం ఒంట్లోకి పోతుంది, అప్పుడు నీళ్ళు మార్చినా లాభం ఉండదు.

ఆల్గే ఎంత ఎక్కువైతే విషం అంత ఎక్కువ, అంతేగా?

అంతే అయితే పని సులువయ్యేది. మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టి, ఇంత దాటితే ప్రమాదం అని బోర్డు పెట్టేవాళ్ళం. అలా కుదరదు. ఒకే సంఖ్యలో కణాలుండి ఒక చెరువులో చేపలు హాయిగా తిరగొచ్చు, ఇంకో చెరువులో గంటల్లో తేలిపోవచ్చు.

ఓడర్ సంఖ్య చూసి ఒక అభిప్రాయానికి వచ్చేముందు టెక్సాస్ సంగతి వినాలి. ఆ రాష్ట్రంలో మొదట 1985లో పేకస్ నదిలో దీన్ని గుర్తించారు. తర్వాత జలాశయం వెంట జలాశయంగా పాకింది. మూడు కోట్లకు పైగా చేపలు పోయాయని అక్కడి అంచనా. 2001లో ప్రభుత్వ హేచరీలోకే చొరబడి పిల్లల్ని తుడిచిపెట్టింది. టెక్సాస్ నీళ్ళ నుంచి తీసిన ఆల్గేని ల్యాబ్‌లో పెంచి చూస్తే, అది బాగా వేగంగా పెరిగింది సుమారు 27 డిగ్రీల వేడిలో, 22 పీపీటీ ఉప్పులో (పీపీటీ అంటే వెయ్యి వంతుల్లో ఒక వంతు). కానీ విట్నీ, గ్రాన్‌బరీ లాంటి జలాశయాల్లో ఉప్పు ఒకటి రెండు పీపీటీ మించి ఉండదు, చేపలు చచ్చింది ఎక్కువగా చలికాలంలో. అంటే దానికి సుఖమైన చోట కాదు, ఇరుకుగా ఉన్న చోటే అది ఎక్కువ విషం కక్కింది.

తిండి విషయంలోనూ ఇదే తంతు. నైట్రోజన్, ఫాస్ఫరస్ రెండూ సరిపడా అందితే కణాలు వేగంగా విడిపోతూ సంఖ్య పెంచుకుంటాయి, విషం తక్కువగా ఉంటుంది. ఆ రెండింట్లో ఒకటి కొరతపడితే పెరుగుదల మందగించి విషం పెరుగుతుంది. స్వీడన్‌లో ఎడ్నా గ్రనేలీ బృందం 1990ల చివర్లో ఈ సంగతి ప్రయోగాలతో చూపించింది. ఎందుకిలా అంటే, ఎండ ఉన్నంతసేపు కణం కార్బన్‌ను పట్టుకుంటూనే ఉంటుంది. కొత్త కణం కట్టాలంటే ప్రోటీన్లకు నైట్రోజన్, డీఎన్ఏకి ఫాస్ఫరస్ కావాలి. అవి లేకపోతే ఆ కార్బన్ మిగిలిపోతుంది. ప్రిమ్నీసిన్ అణువు చూడండి: తొంభైకి పైగా కార్బన్లు, నైట్రోజన్ ఒక్కటే, ఫాస్ఫరస్ అసలు లేదు. మిగిలిన సరుకుతో తయారు చేయడానికి అంతకంటే అనువైనది లేదు. పైగా కణాలు విడిపోవడం తగ్గితే తయారైన విషం పిల్ల కణాల మధ్య పంచుకోవడం కూడా తగ్గుతుంది.

దీన్నిబట్టి ఒక వింత ప్రయోగం చేశారు. టెక్సాస్ జలాశయాల్లో కొంత నీటిని విడిగా వేరు చేసి, అందులో నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎరువులు కలిపారు. ఆల్గే సమస్యకు ఎరువు వేయడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. విషం మాత్రం తగ్గింది. అయితే దీన్ని నది మీదో పెద్ద చెరువు మీదో చేయమని నేను చెప్పను. ఎరువుతో పెరిగే ఇతర ఆల్గే వేరే తలనొప్పి తెస్తాయి.

ఇదంతా గీత గీసినట్టు జరగదు. తిండికి లోటు లేని రోజుల్లో కూడా విషం మోసే రకాలున్నాయి. ప్రిమ్నీసిన్లలో ఏ, బీ, సీ అని మూడు వర్గాలున్నాయి, ఒక్కో రకం ఆల్గే ఒక్కో వర్గాన్ని తయారు చేస్తుంది. ఓడర్‌లో దొరికింది బీ వర్గం. పైగా పాత ప్రయోగాలు చాలావరకు కొలిచింది విషాన్ని నేరుగా కాదు, ఎన్ని రక్తకణాలు చిట్లాయని. అది ఇతర పదార్థాల వల్ల కూడా జరగొచ్చు.

చేపలతో దానికి పగ ఏమిటి? అసలు విషం ఎందుకు?

చేప దాని లక్ష్యం అని చాలామంది పరిశోధకులు అనుకోరు. లక్ష్యం పక్కనున్న ఇతర ఆల్గే, బ్యాక్టీరియా, తనను తినే చిన్న జీవులు. ప్రిమ్నీషియం ఎండతో బతుకుతుంది, అవకాశం దొరికితే ఇతర కణాలను మింగి కూడా బతుకుతుంది. విషం వదిలి పొరుగు కణాలను పగలగొట్టి, ఆ రసాన్ని, ముక్కలను తింటుంది. తిండి కొరతలో విషం పెరగడానికి ఇదో కారణం అయివుండొచ్చు: బజారులో సరుకు లేనప్పుడు పొరుగింటి మీద పడ్డట్టు.

చేపల విషయంలో 2012లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం ఆలోచింపజేసేది. చేపలున్న నీళ్ళకూ ఆల్గే ఉన్న నీళ్ళకూ మధ్య సన్నని పొర పెట్టారు. విషం దాటగలదు, కణం దాటలేదు. చేపలు బతికాయి. కణాలు నేరుగా తగిలిన చేపలు చచ్చాయి. అంటే నీళ్ళలో కలిసిపోయిన విషం కంటే మొప్పలకు అంటుకుని దాడి చేసే కణమే ప్రమాదమన్నమాట.

పీహెచ్‌కీ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. పీహెచ్ పెరిగేకొద్దీ అదే విషం ఎక్కువ పదునుగా పని చేస్తుంది. 7 కంటే దిగితే బాగా మొద్దుబారుతుంది. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉండటం కూడా విషం పదును పెరగడానికి తోడ్పడుతుంది. ఇజ్రాయెల్‌లో మోషే షీలో బృందం ఈ సంగతులు ఎప్పుడో బయటపెట్టింది. ఆల్గే దట్టంగా పెరిగిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి, ఆల్గే తన విషానికి తానే సాన పడుతుంది.

చేప తేలగానే బస్తాల కొద్దీ సున్నం కొట్టే అలవాటు మనకు ఉంది. కారణం ఇలాంటి విషమైతే సున్నం వేయడం ఎదురు తిరుగుతుంది. పీహెచ్ మీటరు పెట్టి చూడకుండా సున్నం బస్తా విప్పొద్దు.

ఎండకు మాత్రం ఒక మంచి పని ఉంది. నీళ్ళలోకి వదిలిన విషాన్ని సూర్యకాంతి విరగ్గొడుతుంది.

విషం ఎలా తయారవుతుందో తెలిసిందా?

ప్రిమ్నీసిన్ల నిర్మాణం 1990ల్లో జపాన్‌లో యసుమోటో బృందం తేల్చింది. ఆ అణువు తయారు చేసే ఎంజైము దొరకడానికి మాత్రం 2024 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో బ్రాడ్లీ మూర్ బృందం పీకేజిల్లాలు అని పేరు పెట్టిన రెండు రాక్షస ప్రోటీన్లను ప్రకటించింది. మొదటి దాని బరువు 4.7 మెగాడాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం), అందులో 140 భాగాలు. మన కండరాల్లో ఉండే టైటిన్‌ను అప్పటిదాకా అతిపెద్ద ప్రోటీన్ అనేవాళ్ళు, ఇది దాన్ని మించిపోయింది. జన్యువు మరీ పొడవు కావడంతో మామూలు పద్ధతుల్లో ముక్కలుగా తప్ప కనబడలేదు.

రైతుకు దీనివల్ల ఏమిటి లాభం? ఇప్పటికిప్పుడు ఏమీ లేదు. ముందుముందు మాత్రం ఆల్గే ఉందా అని కాకుండా, విషం తయారుచేసే జన్యువు ఉందా, పని చేస్తోందా అని నీళ్ళను అడిగే పరీక్షలకు దారి పడింది. సంఖ్య చూసి మోసపోయే బాధ అప్పుడు తగ్గుతుంది.

మందు వేసి చంపేస్తే పోదా?

ఆల్గే చస్తుంది. కానీ పగిలిన కణాల్లోని విషం నీళ్ళలోకి వస్తుంది. అదే నీళ్ళలో చేప ఉంటే?

కాపర్ సల్ఫేట్ ప్రిమ్నీషియంతో పాటు దానికి పోటీగా పెరిగే మంచి ఆల్గేని, దాన్ని తినే జంతు ప్లాంక్టన్‌ను కూడా తీసేస్తుంది. మైదానం ఖాళీ అయ్యాక మళ్ళీ మొదట లేచేది ఎవరో చెప్పలేం.

ఇజ్రాయెల్ రైతులు వాడింది అమ్మోనియం సల్ఫేట్. పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో అది అమ్మోనియాగా మారి కణంలోకి దూరుతుంది, కణం ఉబ్బి పగులుతుంది. ఆ చెరువుల్లో పని చేసింది. అయితే అమ్మోనియా చేపకూ విషమే. ఆల్గే చచ్చే మోతాదుకూ చేప చచ్చే మోతాదుకూ మధ్య సందు ఇరుకు. అమ్మోనియా పేరు వింటేనే ఉలిక్కిపడే మన రైతులకు ఇంకా చెప్పాల్సిన పని లేదు.

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ బ్రాడ్స్ సరస్సుల్లో 1969 నుంచీ ఈ బెడద ఉంది. అక్కడ 2015లో పర్యావరణ సంస్థ లక్షల చేపలను పట్టి సురక్షితమైన నీళ్ళలోకి మార్చింది. జాన్ ఇన్స్ సెంటర్ శాస్త్రవేత్తలు తక్కువ మోతాదు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేపకు హాని లేకుండా ఆల్గేని చంపొచ్చని చూపించారు. కాసేపటికి నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి మిగతావాటికంటే నయం. చిన్న నీటి కుంటకు సరే, నది మొత్తానికి ఎవరు పోస్తారు? ఓడర్ లాంటి చోట్ల మందు ఉప్పు తగ్గించడమే, ముఖ్యంగా నీళ్ళు తక్కువున్న నెలల్లో. అది ఖర్చుతో కూడిన పని, అందుకే అందరూ పక్కనోడి వైపు చూస్తారు.

అలా చచ్చిన చేపలు తినొచ్చా?

ప్రిమ్నీషియం వల్ల మనుషులకు గానీ పశువులకు గానీ హాని జరిగినట్టు రుజువు లేదు. అయినా చచ్చిన, చావబోతున్న చేపను తినొద్దు. ఎప్పుడు చచ్చిందో, ఇంకేం కలిసిందో తెలియదు.

దీన్ని సముద్రపు ఇతర విష ఆల్గేతో కలిపి చూడొద్దు. కొన్ని ఆల్గే చేపను చంపకుండానే ఆల్చిప్పల్లో విషం పోగు చేస్తాయి. 1997లో కేరళలో విళింజం దగ్గర అలాంటి ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు. ఆ విషం ఉడికించినా పోదు.

మన కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో తెల్లారేసరికి చేపలు తేలేది దీనివల్లేనా?

ఎక్కువసార్లు కాదు. మన చెరువుల్లో అనుమానించాల్సిన వరసలో డీవో ముందుంటుంది, తర్వాత అమ్మోనియా, తర్వాత బ్లూ గ్రీన్ ఆల్గే. మబ్బు పట్టిన రెండు మూడు రోజుల తర్వాత, గాలి లేని రాత్రి, ముదురు ఆకుపచ్చ చెరువులో ఆల్గేనే ఆక్సిజన్ అంతా పీల్చేస్తుంది. తెల్లవారుజామున శీలావతి, బొచ్చె మూతులు పైకి పెట్టి గాలి మింగుతుంటాయి. చెరువు నిండా అలా ఉండి, ఎండెక్కాక సర్దుకుంటే అది డీవోనే. పెద్ద చేపలు ముందు పోతాయి.

విషమైతే ఇలా ఉండదు. మధ్యాహ్నం డీవో మీటరు బ్రహ్మాండంగా చూపిస్తుంటే కూడా చేపలు గట్టు వారకి చేరతాయి. బోరు నీళ్ళు పడే చోట, కొత్త నీళ్ళు వచ్చే తూము దగ్గర గుంపు కడతాయి. చిన్న పిల్లలు ముందు పోతాయి. మొప్పలు ఎత్తి చూస్తే రక్తం కనబడుతుంది.

మన చెరువుల మీద ఆకుపచ్చ మీగడలా తేలే మైక్రోసిస్టిస్‌కీ తన విషం ఉంది. అది ఎక్కువగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎర్ర తెట్టు కట్టే యూగ్లీనాలో కూడా ఒక జాతి చేపలను చంపే విషం తయారు చేస్తుందని అమెరికా చెరువుల్లో తేలింది. తెట్టు కట్టిన ప్రతి చెరువులోనూ విషం ఉందని కాదు, తెట్టు లేదు కాబట్టి విషం లేదనీ కాదు. ఉప్పు బోరు నీళ్ళతో రొయ్య పెంచే చోట్ల మాత్రం, వదిలే నీళ్ళు ఏ కాలువలో కలుస్తున్నాయో చూసుకోవడం మంచిది. మంచినీటి కాలువను ఉప్పు చేసి, ఎండాకాలం ప్రవాహం ఆపేస్తే ఏమవుతుందో ఓడర్ చూపించింది.

సముద్రంలో పెంచే చేపలకు ఇలాంటి బెడద ఉందా?

ఇంకా ఎక్కువ ఉంది, ఎందుకంటే వలల పంజరంలో ఉన్న చేప పారిపోలేదు. 1972లో జపాన్ సెటో లోసముద్రంలో చాటోనెల్లా అనే ఆల్గే ఒక్క వేసవిలో కోటీ నలభై లక్షల హమాచి చేపలను చంపింది. 2016లో చిలీలో సాల్మన్ పెంపకం మీద మరో ఆల్గే పడి దాదాపు 40 వేల టన్నులు పోయాయి. 2019లో నార్వే ఉత్తర తీరంలో పోయిన సాల్మన్‌కు కారణం ప్రిమ్నీషియానికి దగ్గరి చుట్టం, క్రిసోక్రోములినా. కొరియాలో ఎర్ర నీళ్ళు కనబడగానే పడవల మీద నుంచి పసుపు బంకమట్టి చల్లుతారు, అది ఆల్గేని పట్టుకుని అడుగుకు దిగుతుంది. 2008–09లో గల్ఫ్‌లో ఇలాంటి ఆల్గే పెరిగి, సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే ప్లాంట్లనే కొన్నాళ్ళు ఆపించింది. ఆ రోజుల్లో యూఏఈ, ఒమన్‌లలో ఉన్న మనవాళ్ళలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

మనకు ముందస్తు హెచ్చరిక ఇచ్చేవాళ్ళున్నారా?

సముద్రానికి ఉన్నారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో ఆల్గల్ బ్లూమ్, అంటే ఆల్గే విపరీతంగా పెరిగిన చోట్ల సమాచారం ఇస్తుంది. ఉపగ్రహం చూసేది రంగును, విషాన్ని కాదు. ఊరి చెరువుకు ఆ సాయం అందదు.

చేపలు చస్తున్నాయి, కారణం తేలాలంటే ఏం పంపాలి?

చచ్చి ఉబ్బిన చేపను పంపితే ఏమీ తేలదు. ఇంకా కొట్టుకుంటున్న చేపను తీసి, ఐస్ మీద పెట్టి పంపండి. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించొద్దు, మొప్పల కణజాలం పాడవుతుంది. నీళ్ళు రెండు సీసాల్లో పట్టండి. ఒకటి ఏమీ కలపకుండా, చల్లగా, చీకట్లో. ఇంకోదాంట్లో, కణాలు చెడకుండా నిలవ ఉంచే లూగాల్స్ అయోడిన్ ద్రావణం చుక్కలు, నీళ్ళు పలచటి టీ రంగు వచ్చేదాకా. అయోడిన్ వేసింది లెక్క పెట్టడానికి, వేయనిది గుర్తుపట్టడానికి. ప్రిమ్నీషియం లాంటి సున్నితమైన కణాలు అయోడిన్‌లో ఆకారం మారిపోతాయి, బతికున్నప్పుడు ఈదే తీరు చూస్తేనే అనుభవమున్నవాళ్ళు పోల్చుకుంటారు. ఖాయం చేయాలంటే డీఎన్ఏ పరీక్షో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపో కావాలి.

సీసా మీద తేదీ, పట్టిన గంట, ఆ సమయానికి డీవో, పీహెచ్, ఉప్పు, నీటి వేడి రాయండి. నీళ్ళు చేపలు చస్తున్న చోట పట్టాలి, మోటారు షెడ్డు పక్కన అనువుగా ఉందని అక్కడ కాదు. మందు, సున్నం, ప్రొబయోటిక్ ఏది వేసినా ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పండి. వేయకముందు పట్టిన సీసా ఒకటి ఉంటే ల్యాబ్ వాళ్ళకు సగం పని తగ్గుతుంది.